ఏడాదికో టూరు... అందరూ రాగలిగే టూరు

ఎండలు ముదిరి బడులకు సెలవులు దగ్గర పడుతున్నాయంటే పదో తరగతి బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులకు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. ఏడాదంతా గుడ్ మార్నింగ్‌లు, పుట్టినరోజు కేకుల బొమ్మలు తప్ప కనిపించని చోట ‘ఈసారి ఎటు పోదాం?’ అన్న ప్రశ్న పడుతుంది. గోవా అని ఒకరు, అరకు అని ఒకరు. లెక్కలు వేసుకున్నాక చివరికి సాగరో, శ్రీశైలమో, సోమశిలో ఖాయమవుతుంది. మీ గ్రూపులోనూ ఈ చర్చ నడుస్తూ ఉండొచ్చు. ఇంట్లో మాత్రం ‘పిల్లల ఫీజులు కట్టాల్సిన టైములో మీకు టూర్లేంటి?’ అన్న మాట వినిపిస్తూ ఉండొచ్చు.

ఈ తగువులో నేను టూరు పక్షం. వెళ్లండి. ప్రతి ఏడాదీ వెళ్లండి. నలభై దాటినవాళ్లకు బీపీ మాత్ర ఎంత ధీమాగా రాస్తానో ఈ మాటా అంతే ధీమాగా చెబుతాను. కాకపోతే మన దగ్గర ఈ టూర్లు జరుగుతున్న తీరు మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మందు గురించే చెబుతాడులే అనుకుంటున్నారేమో, అది రెండోది. మొదటిదానికి వచ్చే ముందు, వెళ్లమని ఎందుకంటున్నానో చెప్పాలి.

గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న మధ్యవయసు మగవాళ్ల మీద అమెరికాలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. అందులో ఉన్న 12 వేల మందికి పైగా మగవాళ్లను ఏటా పరీక్షలకు వచ్చినప్పుడు మిగతా ప్రశ్నలతో పాటు ‘ఈ ఏడాది సెలవు తీసుకుని ఎటైనా వెళ్లారా?’ అని కూడా అడిగారు. తర్వాత తొమ్మిదేళ్ల పాటు వాళ్ల బాగోగులు గమనించారు. 2000 సంవత్సరంలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, క్రమం తప్పకుండా ఏటా వెళ్లివచ్చినవాళ్లలో మరణాలు తక్కువ. గుండెజబ్బు మరణాల్లో ఆ తేడా మరీ స్పష్టంగా కనిపించింది. డబ్బు, ఓపిక ఉన్నవాళ్లే టూర్లకు వెళ్తారు కదా, అందుకే బతికారేమో అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. పరిశోధకులు ఆదాయం, చదువు వంటివి లెక్కలోకి తీసుకున్నారు కానీ, ఇలాంటి పరిశోధనల్లో ఆ అనుమానం పూర్తిగా తీరదు. అయినా తీసిపారేయదగ్గ సంగతి కాదు.

స్నేహం విషయంలో ఆధారాలు ఇంకా గట్టివి. 148 పరిశోధనల్లో పాల్గొన్న 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసి 2010లో ఒక విశ్లేషణ ప్రచురించారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్లు ఆ పరిశోధనల కాలంలో బతికి ఉండే అవకాశం, లేనివాళ్లతో పోలిస్తే 50 శాతం ఎక్కువ అని తేలింది. పొగతాగడం మానేస్తే కలిగే మేలుతో పోల్చదగ్గది ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ విషయం మీద ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసింది. 2025లో ఆ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దాని ఖాతాలో ఏటా 8 లక్షల 70 వేల మరణాలున్నాయి.

ఒంటరితనం అమెరికా జబ్బు, మన ఊళ్లలో ఎక్కడిది అంటారా? మా ఓపీకి వచ్చి ఒక గంట కూర్చోండి. నిద్ర పట్టట్లేదు, గుండె దడగా ఉంటోంది, అన్నం సహించట్లేదు అంటూ నలభై, యాభై ఏళ్లవాళ్లు వస్తారు. ఈసీజీ బాగుంటుంది, థైరాయిడ్ బాగుంటుంది, రక్తం బాగుంటుంది. ‘మనసులో మాట ఎవరితోనైనా చెప్పుకుంటారా?’ అని అడిగితే చాలామంది గోడవైపు చూస్తారు. ఆడవాళ్లు ఎంతోకొంత చెప్పుకుంటారు, పక్కింటామెతోనో అక్కతోనో. మగవాళ్లకు అప్పుల సంగతి, కొడుకు మాట వినని సంగతి, పడకగదిలో షుగరు తెచ్చిన ఇబ్బంది సంగతి చెప్పుకోవడానికి మిగిలేది చిన్ననాటి దోస్తులే. ఆ దోస్తులు దొరికేది ఏడాదిలో ఆ రెండు రోజులే.

ఇక గోల్ఫ్ సంగతి. ఆరోగ్య పేజీలో గోల్ఫ్ ఏమిటని నవ్వకండి. మీ బ్యాచ్‌లో అమెరికాలో స్థిరపడ్డవాళ్లు ఒకరైనా ఉంటారు. పచ్చని గడ్డి మీద నలుగురు మిత్రులతో కర్ర పట్టుకుని దిగిన ఫొటో ఏడాదికోసారి గ్రూపులో పెడతారు. అక్కడ మధ్యవయసు స్నేహితులు జట్టుగా ఏటా రెండు మూడు రోజులు గోల్ఫ్ కోసమే వేరే ఊరు వెళ్లడం పాత ఆనవాయితీ. మనకు గోల్ఫ్ అంటే గోల్కొండ నయాఖిలా దగ్గర దూరం నుంచి కనిపించే పచ్చదనం, టీవీలో కపిల్‌దేవ్. ఆ ఆట మన జిల్లాలకు రావాలని నేను కోరుకోవడం లేదు. దానికి కావలసిన భూమీ నీళ్లూ తలచుకుంటే పాలమూరువాడిగా నాకు నవ్వొస్తుంది. కానీ ఆ టూర్ల నిర్మాణంలో మనం నేర్చుకోవలసింది ఉంది.

స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ల వివరాలు తీసి, అదే వయసు, అదే స్థాయి ఉన్న మిగతా జనంతో పోల్చి చూశారు. గోల్ఫ్ ఆడేవాళ్లలో మరణాల రేటు 40 శాతం తక్కువ. ఆయుష్షు లెక్కన చెబితే అది సుమారు ఐదేళ్లు. 2008లో వెలువడిన ఆ పరిశోధనలో నాకు నచ్చిన విషయం ఏమిటంటే, ఈ తేడా డబ్బున్నవాళ్లకే పరిమితం కాలేదు. శారీరక శ్రమ చేసే ఉద్యోగుల్లోనూ కనిపించింది. కారణం వెతకడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. పద్దెనిమిది గుంతల ఆట పూర్తి కావాలంటే నాలుగు గంటలకు పైగా పడుతుంది, ఆరేడు కిలోమీటర్లు నడవాలి. బంతిని కొట్టేది ఎంతసేపు? మిగతా సమయమంతా నలుగురూ పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోవడమే. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాటలు పక్కపక్కన నడుస్తున్నప్పుడు తేలిగ్గా బయటికొస్తాయి. ఇది నేను మార్నింగ్ వాక్‌లో రోజూ చూసేదే.

ఆ ఆటలో ఇంకో ఏర్పాటు ఉంది, దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. ఆ మాటను మనం వైకల్యం అన్న అర్థంలోనే వింటాం కానీ గోల్ఫ్‌లో దాని లెక్క వేరు. పాత ఆటల్లో ఎవరు ఎన్ని దెబ్బల్లో ముగించారో చూసి, బలహీనంగా ఆడేవారికి అన్ని దెబ్బలు మినహాయింపు ఇస్తారు. దాంతో ముప్పై ఏళ్ల మొనగాడు, అరవై ఏళ్ల మోకాళ్ల నొప్పివాడు ఒకే మైదానంలో ఒకే ఆట సమానంగా ఆడగలుగుతారు. ఎవరికీ చిన్నతనం ఉండదు, ఎవరూ బయట కూర్చోరు.

నా మొదటి అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. మన టూర్లలో ఈ హ్యాండిక్యాప్ లెక్క లేదు. గుంపులో గట్టి కాళ్లున్నవాళ్ల నడకకు, బరువైన జేబున్నవాళ్ల ఖర్చుకు, అందరికంటే ఎక్కువ తాగగలిగినవాళ్ల తాగుడుకు తగ్గట్టు ప్లాన్ తయారవుతుంది. మిగతావాళ్లు దాన్ని అందుకోవాలి. అందుకోలేనివాళ్లు రెండేళ్లు తంటాలు పడి, మూడో ఏడు ‘మా మరదలి పెళ్లి ఉంది, మీరు వెళ్లిరండి’ అని మెసేజ్ పెడతారు. నాలుగో ఏడు ఎవరూ అడగరు. అలా జారిపోయిన మనిషికే ఆ టూరు అవసరం అందరికంటే ఎక్కువ.

ఎవరెవరు జారిపోతున్నారో మీ గ్రూపులోనే చూడండి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరునీళ్లు తాగి పెరిగిన తరంలో ఫ్లోరోసిస్‌తో వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పైకి మామూలుగానే కనిపిస్తారు. వ్యాన్ వెనక సీట్లో ఐదు గంటలు కూర్చోలేరు, లాడ్జిలో కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే లేవలేరు. ఈ మాట దోస్తులకు చెప్పుకోలేక రావడం మానేస్తారు. కింది అంతస్తులో, కమోడ్ ఉన్న గది ఒకటి ముందే మాట్లాడి పెడితే సరిపోయేది. రెండోవాళ్లు వ్యవసాయంలో దెబ్బతిన్నవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు. తలా ఎనిమిది వేలు అని గ్రూపులో పడగానే మాట్లాడకుండా పక్కకు జరుగుతారు. ఏడాది పొడవునా నెలకు ఐదు వందల చొప్పున ఒకరి దగ్గర వేసుకుంటే ఆరు వేలు అవుతుంది, భారం తెలియదు. ఏ నెల ఎవరు వేయలేకపోయారో ఆ డబ్బు చూసే మనిషికి తప్ప ఇంకొకరికి తెలియనక్కర్లేదు. మూడోవాళ్లు తాగుడు మానేసినవాళ్లు. వీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

లివర్ దెబ్బతిని కామెర్లతో నెలరోజులు మంచం పట్టి, ఎలాగో మానేసి ఏడాది నిలబడ్డ మనిషికి దోస్తుల టూరు కంటే పెద్ద గండం లేదు. ‘ఒక్క పెగ్గుకు ఏం కాదురా’ అన్న మాట ప్రేమతోనే అంటారు. ఆ ఒక్క పెగ్గుతో మళ్లీ మొదటికొచ్చి మా వార్డులో చేరినవాళ్లు ఉన్నారు. ఈ భయంతోనే భార్యలు పంపరు. నిజంగా తాగకుండా నిలబడగలిగిన మనిషికి దక్కేదేమిటి? డ్రైవరు ఉద్యోగం. తాగనిది అతనొక్కడే కాబట్టి రానూపోనూ బండి అతనే నడపాలి. వాంతులు కడగాలి, అందరినీ ఇళ్లకు దింపాలి. ఇక వచ్చే ఏడాది ఎందుకొస్తాడు? ఒక జీతానికి డ్రైవరును పెట్టుకోండి. పది మంది పంచుకుంటే ఎంతవుతుంది!

మందు గురించి ఇప్పుడు చెబుతాను. నీతులు చెప్పను, లెక్క చెబుతాను. మన దుకాణాల్లో దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల పెగ్గులో స్వచ్ఛమైన ఆల్కహాల్ సుమారు 10 గ్రాములు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో 60 గ్రాములు. ఒకే విడతలో 60 గ్రాములు, అంతకు మించితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతి తాగుడు కింద లెక్కేస్తుంది. అంటే ‘నేను లిమిట్‌గా తాగుతాను సార్, క్వార్టర్ మించదు’ అని మీరు నాతో చెప్పే ఆ లిమిటే అతి తాగుడు మొదలయ్యే గీత. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 35 నుంచి 40 గ్రాములుంటుంది. రెండు సీసాలతో మీరు ఆ గీత దాటేసినట్టే.

ఏడాదంతా తాగనివాళ్లు రెండు రోజులు కుమ్మేస్తే ఏం జరుగుతుందో వైద్యులకు చాలాకాలంగా తెలుసు. సెలవుల తర్వాత గుండె లయ తప్పి ఆసుపత్రికి వచ్చేవాళ్లను గమనించి, 1978లోనే అమెరికా వైద్యులు దానికి ‘హాలిడే హార్ట్’ అని పేరు పెట్టారు. గుండెజబ్బు లేనివాళ్లకూ వస్తుంది. గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకుంటాయి, దడ, ఆయాసం, కళ్లు తిరగడం. చాలామందిలో ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోనివాళ్లలో గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం.

షుగరున్నవాళ్ల విషయంలో ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. టూర్లకు వెళ్లే ప్రతివాళ్లూ ఇది చదివి గుర్తుపెట్టుకోవాలి. మీరు గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, రాత్రి మందు తాగి అన్నం సరిగా తినకుండా పడుకుంటే తెల్లవారుజామున షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. మామూలుగా ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు లివర్ నిల్వలోంచి గ్లూకోజు వదులుతుంది. ఆల్కహాల్‌ను విరగ్గొట్టే పనిలో మునిగిన లివర్ ఆ పని చేయలేదు. మనిషికి చెమటలు పడతాయి, మాట ముద్దగా వస్తుంది, తిక్కతిక్కగా ప్రవర్తిస్తారు, తర్వాత లేపినా లేవరు. పక్కనున్నవాళ్లకు ఇవన్నీ మత్తులాగే కనిపిస్తాయి. ‘రాత్రి ఎక్కువైంది, పడుకోనీ’ అని దుప్పటి కప్పి బయటికెళ్లి టిఫిన్ చేసి వస్తారు. ఆ రెండు గంటల్లో మెదడు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. షుగరున్నవాళ్లు లేవకపోతే ముందు గ్లూకోమీటరుతో చూడండి. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

పాలమూరు వైపు కల్లు టూర్లు కూడా ఉన్నాయి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, డిపోల్లో దొరికే కల్లు వేరు. మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు మన ప్రాంతంలో పాత దుర్మార్గం. దాని మీద విస్కీ పడితే నిద్రలోనే శ్వాస మందగిస్తుంది. ఎప్పుడో ఒకసారి తాగేవాళ్లకే ఇది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే రోజూ తాగేవాళ్ల శరీరం ఆ మత్తుకు అలవాటుపడి ఉంటుంది.

అలాగని మందు లేకుండా టూరు సాగదా? సాగుతుందని మనకే తెలుసు. నవంబరు నుంచి జనవరి దాకా మన ఊళ్లలో నల్లదుస్తులు వేసుకుని తిరిగే అయ్యప్ప స్వాములను చూడండి. ఎన్నో ఏళ్లుగా అదే గురుస్వామి, అదే పది పదిహేను మంది, అదే వ్యాన్. భక్తి సంగతి అలా ఉంచి వైద్యుడి కళ్లతో చూసినా, మన దగ్గర దోస్తుల వార్షిక యాత్రకు ఇంత పకడ్బందీ నమూనా ఇంకోటి లేదు. 41 రోజుల ముందే తయారీ మొదలవుతుంది, తాగుడు లేదు, పొగ లేదు, పొద్దున్నే లేవాలి, కలిసి తినాలి. ధనికుడూ పేదా ఇద్దరూ ‘స్వామి’నే. హ్యాండిక్యాప్ అంటే అదే కదా! దీనిలోనూ చిక్కులున్నాయి. రోజూ తాగే అలవాటున్నవాళ్లు మాల వేసుకున్న రోజే ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. అలాంటివాళ్లు మాలకు ముందే డాక్టరును కలవాలి. ఒక్కపూట భోజనం పేరుతో షుగర్ మాత్రల మోతాదు మార్చుకోకపోవడం, బీపీ మాత్రలు ఆపేయడం కూడా ప్రమాదమే. పంబ నుంచి సన్నిధానం దాకా ఐదు కిలోమీటర్ల ఎత్తు. దారిపొడవునా కేరళ ఆరోగ్యశాఖ ఆక్సిజన్, అత్యవసర కేంద్రాలు ఊరికే పెట్టలేదు. మాల తీసిన రాత్రే సీసా తెరవడం గురించి ఏమీ అనను, మీకే తెలుసు.

ఇంకో ఉదాహరణ మన నల్లమలలోనే ఉంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతర. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, చెంచులు పూజలు చేసే గుహ, పక్కన జలపాతం. ఏడాదిలో ఆ కొద్ది రోజులే అటవీశాఖ జనాన్ని అనుమతిస్తుంది. పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి జట్లుజట్లుగా కుర్రాళ్లు, మధ్యవయసువాళ్లు వెళ్తారు. బండ్లు దిగాక నాలుగైదు కిలోమీటర్లు రాళ్ల మీద, లోయలోకి నడక. దోస్తులతో వెళ్లడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అయితే ఆ దారికి ఒక మోసం ఉంది. వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. మామూలు గుట్టకైతే పోతుండగానే ఆయాసం వస్తుంది, వెనక్కి తిరగొచ్చు. ఇక్కడ దిగేటప్పుడు ఏమీ తెలియదు. తొడలు అలసిపోయి, నీళ్లు అయిపోయి, మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండ నెత్తికెక్కాక గుండెకు అసలు పరీక్ష మొదలవుతుంది. తెల్లవారుజామునే దిగి, ఎండ ముదరకముందే పైకి రావాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. బీపీ కోసం మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవాళ్లు ఆ రోజు మోతాదు గురించి ముందే డాక్టరును అడగాలి.

మీ గుంపులో ఎవరు ఎంత నడవగలరో తెలుసుకోవడానికి స్కానింగులు అక్కర్లేదు. రెండంతస్తుల మెట్లు ఆగకుండా, ఛాతీ పట్టేయకుండా ఎక్కగలరేమో చూసుకోండి. ఎక్కలేనివాళ్లు ఈసీజీ తీయించుకుని, డాక్టరుకు చూపించుకున్నాకే గుట్టల మాట ఎత్తాలి. ఎక్కగలిగినవాళ్లు కూడా ఆరువారాల ముందు నుంచి రోజూ అరగంట నడవండి. ఆ నడక ఫొటోలు గ్రూపులో పెట్టుకోండి, గుడ్ మార్నింగ్ బొమ్మల కంటే నయం. నడక తక్కువ కావాలంటే సాగర్‌లో బుద్ధవనం ఉంది. 274 ఎకరాల్లో చదునైన దారులు, సాయంత్రం పూట హాయిగా తిరగొచ్చు. పడవలో నాగార్జునకొండకు వెళ్లిరావచ్చు. కొంచెం ఎక్కగలమనుకునేవాళ్లకు భువనగిరి ఏకశిల గుట్ట ఉంది. పదమూడేళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకున్నది ఆ బండ మీదే. అందరం పైదాకా వెళ్లాలని పట్టుబట్టకండి. సగం దాకా వచ్చి కూర్చునేవారితో ఒకరు కూర్చోవాలి, ఆ వంతు మారుతూ ఉండాలి.

రెండు సంగతులు తొందరగా చెప్పేస్తాను. రాత్రి పది గంటలకు ఆఫీసు అలసటతో బయలుదేరి తెల్లారేసరికి చేరాలనుకోవడం మానండి, తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల మధ్య తాగనివాళ్లకు కూడా కన్ను మూతపడుతుంది. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. అది అడవి జంతువుల కోసం పెట్టిన నియమం, మనుషులకూ అంతే మేలు. రెండోది నీళ్లు. సోమశిల దగ్గర కృష్ణ, డిండి, సాగర్ కాల్వలు పైకి నిలకడగా కనిపిస్తాయి. చిన్నప్పుడు బావిలో ఈతకొట్టిన ధైర్యంతో, నాలుగు పెగ్గులు వేసుకుని దూకేవాళ్లున్నారు. పోస్టుమార్టం గది ముందు నిలబడ్డ దోస్తుల ముఖాలు చూసినవాడిగా చెబుతున్నాను, మందు పుచ్చుకున్నాక ఒడ్డు దాటకండి.

అన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకరికి ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం మొదలైతే ‘గ్యాస్ అయి ఉంటుంది’ అని సోడా తాగించి చూడకండి. షుగరున్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, చెమటలే రావచ్చు. గంట లోపు ఈసీజీ తీసే ఆసుపత్రికి చేర్చండి. గుండె రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత ముందు పడితే గుండె కండరం అంత మిగులుతుంది. బయలుదేరే ముందే దారిలో ఆ సదుపాయం ఉన్న ఆసుపత్రి ఏదో తెలుసుకుని పెట్టుకోండి, అడవిలో దిగాక ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. ఎవరికి ఏ జబ్బు, ఏ మాత్రలు, ఇంట్లో ఎవరి నంబరు అన్నది ఒక కాగితం మీద రాసి ఒకరి జేబులో ఉంచండి. ఇలా రాసుకునేటప్పుడే చాలా గ్రూపుల్లో మొదటిసారి ‘నాకూ షుగర్ ఉందిరా’ అన్న మాట బయటపడుతుంది.

ఇప్పటిదాకా మగవాళ్ల టూర్ల గురించే మాట్లాడాను, ఎందుకంటే మన దగ్గర ఏటా వెళ్లేది ఎక్కువగా వాళ్లే. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు పనుల కోసం వెళ్లే జట్లలో ఆడామగా ఇద్దరూ ఉంటారు. వాళ్లకు బయటికెళ్లడం అంటే మట్టిపని. దీపావళి దాటాక కురుమూర్తి జాతరకు ఊరికి తిరిగొచ్చి నలుగురూ కలిసి కూర్చోవడమే వాళ్ల టూరు. ఆ నాలుగు రోజులు మేస్త్రీ ఫోన్ చేసినా కదలకుండా ఉండగలిగితే బాగుండు అనిపిస్తుంది.

ఇక ఇళ్లల్లో ఉన్న ఆడవాళ్లు. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక యాదగిరిగుట్టకో వేములవాడకో ఐదారుగురు స్నేహితురాళ్లు కలిసి వెళ్లిరావడం నేను చూస్తున్నాను. మోకాళ్ల నొప్పులకు చూపించుకోవడానికి వచ్చినామె ‘మొన్న మా వాడకట్టు వాళ్లమంతా పోయొచ్చినం సారూ’ అని చెప్పేటప్పుడు ముఖంలో ఉన్న వెలుగు ఏ మాత్రకూ రాదు. కానీ అది పొద్దున పోయి రాత్రికి వంటకు అందుకునే ప్రయాణం. రెండు రాత్రులు బయట ఉండే టూరు ఎంతమందికి దక్కుతోంది? మీ ఇంట్లో ఆమె పదో తరగతి ఏ బడిలో చదివిందో, వాళ్ల బ్యాచ్‌కు గ్రూపు ఉందో లేదో అడగండి. మీరు వెళ్లొచ్చిన నెలకు ఆమె వెళ్లే ఏర్పాటు చేయండి. ఆ మూడు రోజులు పిల్లల బాక్సులు, పాలవాడి లెక్క, గ్యాస్ సిలిండర్ మీ పనే. మీ అమ్మగారికి ఇన్సులిన్ పొద్దున ఎన్ని యూనిట్లో, రాత్రి ఎన్ని యూనిట్లో ఆమె బస్సెక్కే ముందే రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించుకోండి.